గట్టు మీద రెండో మనిషి పని ఏమిటి?

కాలువలో కాలుజారిన మనిషి ఒకరు, అతణ్ని కాపాడబోయి దూకిన తమ్ముడు, ఆ ఇద్దరి కోసం దిగిన పక్క పొలం రైతు. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో పత్రికలు చదివేవారికి ఈ వరుస కొత్త కాదు. చోటు మారుతుంది. ఒకసారి కాలువ, ఒకసారి పంటకుంట, ఇంకోసారి పూడిక తీస్తున్న పాత బావి. ఈ వార్తల్లో మనసును మెలిపెట్టే విషయం ఒకటుంది. మొదటి మనిషి ఒంటరిగా లేడు. పక్కన తోడు ఉంది. తోడు ఉండి కూడా అతని ప్రాణం దక్కలేదు, పైగా తోడు వచ్చినవారి ప్రాణమూ పోయింది.

నీళ్ల దగ్గర ఒంటరిగా పని చేయవద్దు, ఇద్దరు కలిసి వెళ్లండి అని భద్రత గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ చెబుతారు. దీన్నే బడ్డీ విధానం అంటారు. సలహా సరైనదే, కానీ సగంలో ఆగిపోతుంది. ఆ రెండో మనిషి ఎక్కడ నిలబడాలి, చేతిలో ఏముండాలి, ప్రమాదం జరిగిన మొదటి నిమిషంలో ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నవి చెప్పకుండా ఇద్దర్ని పంపిస్తే, ఒక మరణం జరగాల్సిన చోట రెండు మరణాలకు దారి తీసినట్టే. ఇద్దరూ కలిసి గుర్రపుడెక్క లాగుతుంటే అది జంటపని మాత్రమే. ఒకరు లాగుతుండగా మరొకరు చేతులు ఖాళీగా ఉంచుకుని చూస్తుంటే అప్పుడు అది కాపలా. నేను మాట్లాడుతున్నది ఈ రెండోదాని గురించి.

కరువు సీమలో నీటి ప్రమాదాల ప్రస్తావన ఎందుకని అనిపించవచ్చు. సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా సాగే కేసీ కాలువ 1860ల్లో తవ్వింది. శ్రీశైలం వెనుక జలాల నుంచి మాల్యాల దగ్గర నీటిని ఎత్తి, అనంతపురం జిల్లాలోని జీడిపల్లి దాకా తీసుకువెళ్లే హంద్రీ-నీవా కాలువ మన కాలం నాటిది. తుంగభద్ర ఎగువ కాలువ, గండికోట, మైలవరం, బ్రహ్మంసాగర్, ఊరూరా చెరువులు, ఇవి కాక పండ్లతోటల్లో ప్లాస్టిక్ షీటు పరిచిన కుంటలు వేలకొద్దీ ఉన్నాయి. వీటి గట్ల మీద షట్టర్లు ఎత్తే లష్కర్లు, రెగ్యులేటర్ల దగ్గర చెత్త తీసే కూలీలు, కాలువలో ఫుట్‌వాల్వ్ (పంపు గొట్టం అడుగున ఉండే కవాటం) దించే రైతులు, పుట్టిలో వల వేసే మత్స్యకారులు రోజూ పని చేస్తారు. బావులు ఎండిపోయి బోర్లు వచ్చాక పుట్టిన తరానికి ఊళ్లో ఈత నేర్చుకునే చోటే కరువైంది. ఆ తరం ముందుకు ఇప్పుడు నిండు కాలువలు వచ్చాయి. మన ప్రాంతానికి ఈ చర్చ ఎక్కువ అవసరమని నేను అనుకోవడానికి కారణం ఇదే.

ప్రపంచవ్యాప్తంగా 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీరిలో చాలామంది ఎవరికీ వినపడకుండా పోయారనడానికి శరీర ధర్మమే ఆధారం.

మునిగే మనిషి అరవడు

సినిమాల్లో మునిగిపోయేవాడు చేతులు ఊపుతాడు, కేకలు వేస్తాడు. నిజంగా మునుగుతున్న మనిషికి ఆ శక్తి ఉండదు. నోరు నీటి మట్టానికి పైకి వచ్చే ఆ కొద్ది క్షణాల్లో ఊపిరి పీల్చుకోవడమే సరిపోతుంది, మాటకు గాలి మిగలదు. చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటాయి, అది అతను కావాలని చేసే పని కాదు. తల వెనక్కి వాలుతుంది, ఒళ్లు నిలువుగా ఉంటుంది, కాళ్లు ఆడవు. పెద్దవారు ఈ స్థితిలో నీటి పైన ఉండేది 20 నుంచి 60 సెకన్లు. దూరం నుంచి చూస్తే నీళ్లలో నిలబడి ఆకాశంలోకి చూస్తున్నట్టే కనిపిస్తాడు.

అందుకే "పిలిస్తే పలికే దూరంలో ఉంటాను" అనే హామీకి నీటి దగ్గర విలువ లేదు. పిలుపు రాదు. కాపలా ఉన్న మనిషి కళ్లు నీటి మీద ఉండాలి. అతను ఫోను చూస్తున్నా, చెట్టు నీడకు వెళ్లినా, "నేనూ ఒక చెయ్యి వేస్తాను" అని గడ్డి లాగడానికి వంగినా ఆ క్షణం నుంచి కాపలా లేనట్టే. నీళ్ల మీద ఎండ తళతళలాడుతుంటే అరగంటకే కళ్లు అలసిపోతాయి. కాబట్టి ఇద్దరూ పాత్రలు మార్చుకుంటూ ఉండాలి. మేస్త్రీలకు ఇది నచ్చదు. ఒక మనిషి ఊరికే నిలబడి కూలి తీసుకుంటున్నాడని అనిపిస్తుంది. నిలబడటమే ఆ మనిషికి అప్పగించిన పని అని ముందే ఒప్పుకుంటే తప్ప ఈ పద్ధతి ఒక్క పూట కూడా సాగదు.

ఇక దూకడం సంగతి. మునుగుతున్న మనిషి చేతికి ఏది దొరికితే దాన్ని కిందికి తొక్కి పైకి రావాలని చూస్తాడు. దగ్గరికి వచ్చింది కన్నతండ్రి అయినా అంతే. ఈత బాగా వచ్చినవారు కూడా ఈ పట్టు నుంచి బయటపడలేక చనిపోతారు. అందువల్ల రక్షణ శిక్షణల్లో ఒక వరుస నేర్పుతారు. ముందు గట్టు మీదే బోర్లా పడుకుని కర్రో కొమ్మో అందించాలి. అందకపోతే తాడో, తేలే వస్తువో విసరాలి. అదీ కుదరకపోతే పుట్టి మీద చేరాలి. నీళ్లలోకి దిగడం శిక్షణ ఉన్నవారికి, అదీ తేలే సాధనం చేతిలో ఉన్నప్పుడే. కాపలా మనిషి ఈ వరుసను పనికి ముందే పైకి చెప్పుకోవాలి. అవతల ప్రాణం పోతుంటే గట్టు మీద నిలబడటం మనసుకు అంత తేలిక కాదు. నిలబడగలిగేది ఏం చేయాలో ముందే తెలిసినవారు మాత్రమే.

తేలే వస్తువుకు పెద్ద ఖర్చు లేదు. నీళ్లలో మనిషి తల పైన ఉండటానికి కావలసిన అదనపు తేలుడు బలం చాలా కొద్ది, నాలుగైదు కిలోలు. మూత గట్టిగా బిగించిన 20 లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ క్యాను దాదాపు 19 కిలోలు మోస్తుంది. దాని పిడికి తాడు కట్టి, విసిరేటప్పుడు క్యాను గాలికి పక్కకు పోకుండా బరువు కోసం లోపల కొద్దిగా నీళ్లు పోస్తే చాలు. ఏమీ లేని చోట ఎనిమిది మూరల పంచె అయినా మూడున్నర మీటర్ల దూరం అందుతుంది. లైఫ్‌జాకెట్‌కు మాత్రం ఇవేవీ ప్రత్యామ్నాయం కావు. పనిచేసే మనిషి ఒంటి మీద జాకెట్ ఉంటే, కాపలా మనిషికి సెకన్ల బదులు నిమిషాలు దొరుకుతాయి.

నీరు మారితే తాడు పద్ధతీ మారుతుంది

మన దగ్గర ఎక్కువమందికి తెలియని చిక్కు ఇక్కడుంది. తాడు ఒంటికి కట్టుకోవాలా వద్దా అనే ప్రశ్నకు కాలువలో ఒక జవాబు, బావిలో దానికి పూర్తిగా విరుద్ధమైన జవాబు.

పారే కాలువలో నడుముకు తాడు ముడివేసి గట్టు మీద చెట్టుకు కట్టేస్తే అది కాపాడదు, ముంచుతుంది. తాడు బిగిసిన క్షణంలో మనిషి ఒకచోట ఆగిపోతాడు, నీరు ఆగదు. వెనుక నుంచి వచ్చే ప్రవాహం అతణ్ని కిందికి అణుస్తుంది. ప్రవాహ వేగం రెట్టింపైతే ఆ నెట్టుడు బలం నాలుగు రెట్లవుతుంది. సెకనుకు రెండు మీటర్ల వేగంలో అలా వేలాడుతున్న మనిషిని పైకి లాగడం ఒక్కరి వల్ల కాదు. అందుకే పారే నీటిలో తాడు కాపలా మనిషి దగ్గర ఉండాలి, పడినవాడికి విసరాలి, అతను చేతులతో పట్టుకోవాలి. పట్టు వదులుకునే స్వేచ్ఛ అతనికి ఉండాలి. విసిరేవాడు కూడా తాడును తన చేతికో నడుముకో చుట్టుకోకూడదు.

ఎక్కడ నిలబడాలన్నదీ ఇక్కడే తేలుతుంది. కాలువ సెకనుకు ఒక మీటరు వేగంతో పారుతోందనుకుందాం. చూసి, తాడు అందుకుని, విసరడానికి 10 సెకన్లు పడితే మనిషి అప్పటికే 10 మీటర్లు వెళ్లిపోయాడు. కాపలా మనిషి పక్కనే ఉంటే, జారే గట్టు మీద ప్రవాహంతో పరుగుపందెం వేయాలి, అందులో గెలవడం కష్టం. అతను దిగువన 10, 15 మీటర్ల దూరంలో ఉంటే నీరే మనిషిని అతని దగ్గరికి తెస్తుంది. తాడు అందాక లాగాల్సిన అవసరం కూడా తక్కువే. విసిరినవాడు కూర్చుని కాళ్లు తన్నిపెట్టి పట్టుకుంటే, వెల్లకిలా తేలుతూ తాడును గుండెకు అదుముకున్న మనిషిని ప్రవాహం తానే గట్టు వైపు తిప్పి చేరుస్తుంది. ముగ్గురు ఉంటే మూడో మనిషి ఎగువన ఉండాలి. కొట్టుకొచ్చే మొద్దులు, పెరిగే నీటి మట్టం అతనికి ముందు కనిపిస్తాయి. ఎత్తిపోతల కాలువల్లో ఇది మరీ ముఖ్యం. ఎక్కడో పంపులు ఆన్ అయితే, ఇక్కడ మేఘం లేని ఎండలో కూడా నీరు పెరుగుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, దిగువన ఉన్న కర్నూలు వైపు నదిలోకి ఎవరూ తలవని నీరు వచ్చింది. ఎగువన ఏం జరుగుతోందో పనికి ముందు ఫోను చేసి కనుక్కోవడం కాపలాలో భాగమే.

సిమెంటు లైనింగ్ వేసిన కాలువకు మరో గుణం ఉంది. ఏటవాలు పలకల మీద నీటి మట్టం దగ్గర పాచి పడుతుంది. చేత్తో తడిమితే సబ్బు రాసిన గచ్చులా జారుతుంది. గట్టు ఒక చేయి దూరంలో ఉన్నా వేళ్లు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఈత వచ్చినవాడు సైతం అలసి ఓడిపోయేది ఇక్కడే.

ప్లాస్టిక్ షీటు వేసిన పంటకుంటలో ఇదే సమస్య ఇంకా తీవ్రంగా ఉంటుంది. ప్రవాహం లేదు, లోతు పది అడుగులే, పైగా మన పొలమే అన్న ధీమా. తడిసిన షీటు మీద పాదం నిలవదు. నీరు తగ్గేకొద్దీ గట్టు అంచు ఇంకా పైకి, ఇంకా దూరానికి పోతుంది. కాబట్టి సగం ఖాళీ అయిన కుంట నిండు కుంట కంటే ప్రమాదకరం, మనకు కనిపించేది మాత్రం దానికి విరుద్ధంగా. ఇక్కడ కాపలా మనిషి కంటే ముందు కావలసింది కుంటకు నాలుగు వైపులా, గూటాలకు కట్టి అడుగు దాకా వదిలిన ముడుల తాడు. పాత టైర్లను వరుసగా కట్టి నిచ్చెనలా దించినా సరే. ఫుట్‌వాల్వ్ చెత్త తీయడానికి అంచున వంగే మనిషి మాత్రం గూటానికి కట్టిన పొట్టి తాడును నడుముకు కట్టుకోవచ్చు, ఆ తాడు అతణ్ని అంచు దాటనివ్వనంత పొట్టిగా ఉండాలి. నిలవనీటి గట్టు మీద తాడు చేసే మేలు అసలు పడకుండా ఆపడమే.

బావిలో తాడు కచ్చితంగా ఒంటికి ఉండాలి, దిగేటప్పటి నుంచి ఎక్కేదాకా ఉండాలి. అక్కడ చంపేది చాలాసార్లు నీరు కాదు, గాలి. మామూలు గాలిలో ప్రాణవాయువు దాదాపు 21 శాతం. చాలా కాలంగా వాడని బావి అడుగున బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) చేరితే, కుళ్లిన పూడిక ప్రాణవాయువును తినేస్తే, దిగిన మనిషి నాలుగైదు ఊపిరులకే సొమ్మసిల్లవచ్చు. బావిలోకి డీజిల్ ఇంజను దించి నడిపితే వాసన, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దీపం దించి చూసే పాత అలవాటు సగమే నమ్మదగింది. దీపం ఆరితే దిగకూడదన్నది నిజం. దీపం వెలుగుతోందని దిగడం మాత్రం తప్పు, ఎందుకంటే మోనాక్సైడ్ సంగతి దీపం చెప్పదు. కుళ్లిన పూడిక మండే వాయువును వదిలే చోట దీపమే ప్రమాదం. గ్యాస్ డిటెక్టర్‌తో కొలవడం, బ్లోయర్‌తో పైగాలి పంపడం, ఇంజను గట్టు మీదే ఉంచడం తప్ప దగ్గరి దారి లేదు.

లోపలి మనిషి పలకడం మానేస్తే పైవాడు మోకు పట్టుకుని లాగాలి. దిగకూడదు. కింద ఉన్నవాణ్ని పడగొట్టిన గాలే దిగేవాణ్నీ పడగొడుతుంది. అయితే 60 అడుగుల లోతు నుంచి స్పృహ లేని 60 కిలోల మనిషిని ఒక్కరు వట్టి చేతులతో లాగలేరు. కాబట్టి బావి పనికి జంట చాలదు. పైన గిలక, ఇద్దరు ముగ్గురు మనుషులు, లోపలి మనిషికి ఛాతీకీ తొడలకూ పట్టీ ఉన్న బెల్టు కావాలి. నడుముకు మాత్రమే కట్టిన తాడు లాగేటప్పుడు చంకల్లోకి జారి ఊపిరి బిగిస్తుంది.

కాపలా కాయలేని చోట్లు

ఎంత మంచి తోడు ఉన్నా చేయగలిగింది ఏమీ లేని పనులు రెండున్నాయి. మొదటిది, నీళ్లున్న చెరువు తూము దగ్గర మునిగి చెత్త తీయడం. అడుగు వెడల్పున్న తూము నోరు 5 మీటర్ల లోతున ఉందనుకుంటే, అవతల నీరు లేనప్పుడు ఆ నోటి మీద పడే బలం దాదాపు 350 కిలోలు. చెత్త తొలగిన క్షణంలో చేయో కాలో ఆ నోటికి అతుక్కుంటే పైనుంచి నలుగురు లాగినా ఊడిరాదు. చెరువు నీటిని పొలాలకు వదిలే నీరుగంటి కుటుంబాల్లో ఈ పని తరాలుగా చేసినవారి నేర్పును నేను తక్కువ చేయను. నేర్పు ఆ బలాన్ని తగ్గించదు. పైనుంచి షట్టర్ మూసి, దాని తాళం దిగే మనిషి జేబులో ఉన్నాకే, లేదా నీరు తగ్గాకే ఆ పని జరగాలి.

రెండోది కరెంటు. తడి గట్టు, అతుకులు వేసిన కేబుల్, నీళ్లలో మోటారు. మోటారు దగ్గర పడిపోయిన మనిషిని ముట్టుకున్న రెండో మనిషీ పడిపోతాడు. ఇక్కడ కాపలా మనిషి స్థానం నీటి దగ్గర కాదు, స్టార్టర్ డబ్బా దగ్గర. ముందు ఫ్యూజులు పీకాలి, ఆ తరువాతే మనిషిని ముట్టుకోవాలి.

బయటికి తీశాక

ఒడ్డుకు చేర్చిన మనిషిని తలకిందులుగా వేలాడదీసి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన ఊళ్లలో ఇంకా కనిపిస్తాయి. రెండూ హాని చేస్తాయి. పొట్టలోని నీరు చంపడం లేదు, మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం చంపుతోంది. నాలుగు నుంచి ఆరు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఊపిరి లేకపోతే తల వెనక్కి వంచి, ముక్కు మూసి, మొదట నోటితో ఊపిరులు ఇవ్వాలి. గుండెపోటు వచ్చినవారికి నేర్పే పద్ధతిలో ముందు ఛాతీ నొక్కుతారు. మునిగిన మనిషికి ఊపిరే ముందు. తరువాత ఛాతీ మధ్యలో 5 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున 30 నొక్కులు, 2 ఊపిరులు, మళ్లీ 30. ఈలోపు మరొకరు 108కు ఫోను చేయాలి. లేచి కూర్చుని మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఊపిరితిత్తుల ఇబ్బంది గంటల తరువాత కూడా ముదరవచ్చు.

రెండో మనిషి కూలి ఎవరిస్తారు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1988 నాటి నిర్మాణ భద్రత ఒప్పందం 23వ అధికరణలో నీటి మీద, నీటి పక్కన జరిగే పనికి మూడు ఏర్పాట్లు కోరింది. పడకుండా ఆపాలి, పడితే రక్షించాలి, క్షేమంగా చేరవేయాలి. అమెరికా నిర్మాణ నిబంధనలు కొలతలు కూడా చెబుతాయి. కనీసం 90 అడుగుల తాడుతో తేలే చక్రాలు, ప్రతి 200 అడుగుల లోపు ఒకటి, ఒక రక్షణ పడవ. మన దేశంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత స్మృతి, ప్రాణాపాయం ముంచుకొస్తోందని సహేతుకంగా భయపడిన ఉద్యోగి ఆ విషయాన్ని యజమానికీ, ప్రభుత్వ తనిఖీ అధికారికీ తెలిపే వీలు కల్పించింది. కాపలా మనిషికి "ఆపు" అని చెప్పే అధికారం ఇవ్వాలని నేను అడిగేది ఈ నేపథ్యంలోనే. నీరు పెరిగిందని కూలి మనిషి చెయ్యెత్తితే, ఇంజనీరు కూడా ముందు పని ఆపించి తరువాతే కారణం అడగాలి. ఈ మాట కాంట్రాక్టు పత్రంలో రాసి ఉండాలి, కాపలా మనిషి కూలి అంచనా లెక్కల్లో విడిగా కనిపించాలి. లేకపోతే ఖర్చు తగ్గించేటప్పుడు మొదట తీసేసేది ఆ మనిషినే.

పొలంలో కాంట్రాక్టరు లేడు. అక్కడ కాపలా ఉండేది భార్యో, తల్లో. ఆమెకు మోటారు ఎక్కడ ఆపాలో చూపించని ఇళ్లు చాలా ఉన్నాయి. ఫ్యూజు పీకడం, క్యాను విసరడం ఆమె చేత ఖాళీ గట్టు మీద రెండుమూడుసార్లు చేయించాలి. పన్నెండేళ్ల పిల్లవాణ్ని మాత్రం ఈ పనికి నిలబెట్టకూడదు. తండ్రి జారితే ఆ వయసులో దూకకుండా ఆగలేడు.

కిలోమీటర్ల కొద్దీ కాలువను ఒక్కడే చూసుకునే లష్కర్ విషయం ఇంకా మిగిలింది. ప్రతి అడుగుకూ ఇద్దర్ని ఇవ్వడం జరగదని నాకు తెలుసు. అరగంటకోసారి ఫోను చేయమనడం మంచిదే, అయితే ఆ ఫోను ఎక్కడ వెతకాలో చెబుతుందే తప్ప నాలుగు నిమిషాల్లో ప్రాణం నిలపదు. కాబట్టి అతని పనులను రెండుగా విడదీయాలి. గట్టు మీద నడవడం, గేజి చదవడం, గండ్లు చూడటం ఫోను తోడుతో ఒంటరిగా చేయవచ్చు. రెగ్యులేటర్ దగ్గర చెత్త లాగడం, లైనింగ్ పలక మీద కాలు పెట్టడం, రాత్రిపూట షట్టర్ తిప్పడం, తడి చేతులతో మోటారు ముట్టడం, బావిలోకి దిగడం రెండో మనిషి వచ్చేదాకా మొదలుపెట్టకూడదు. ఆ మనిషి మధ్యాహ్నానికి వస్తే పని మధ్యాహ్నం మొదలవుతుంది. ఆ పూట ఆలస్యానికి లష్కర్ నుంచి సంజాయిషీ అడగబోమని పై అధికారి ముందుగానే రాసి ఇవ్వాలి.